చేతులు మారే టైమ్‌లైన్

సినిమా గానీ, వెబ్ సిరీస్ గానీ, కాస్త పెద్ద ప్రకటన చిత్రం గానీ కూర్పు మొదలైన ప్రోగ్రామ్‌లోనే పూర్తి కావడం అరుదు. దృశ్యాలను వరుసపెట్టే ఎడిటర్ ఎవిడ్ మీడియా కంపోజర్‌లోనో అడోబీ ప్రీమియర్ ప్రోలోనో పనిచేస్తే, ధ్వని విభాగంవారు చాలా చోట్ల ప్రో టూల్స్‌లో పనిచేస్తారు. రంగులు సరిచేసే కలరిస్ట్ డావించి రిజాల్వ్ వంటి మరో ప్రోగ్రామ్ ముందు కూర్చుంటారు. గ్రాఫిక్స్ షాట్లు ఇంకో ఊళ్లోని సంస్థకు వెళ్లి తిరిగి వస్తాయి. ఈ చోట్లన్నింటి మధ్యా తిరిగేది టైమ్‌లైన్, అంటే ఏ క్లిప్పు తరువాత ఏ క్లిప్పు రావాలో, ఒక్కొక్కటి ఎంతసేపు కనిపించాలో, దానితోపాటు ఏ ధ్వని వినిపించాలో ఎడమ నుంచి కుడికి పరచి చూపే పట్టీ. దాన్ని ఒక ప్రోగ్రామ్ నుంచి మరొకదానిలోకి సరిగ్గా చేర్చడం ప్రేక్షకుడికి ఎన్నడూ కనిపించని పనే అయినా, అందులో జరిగే పొరపాటు మాత్రం వెండితెర మీద పెదవులకూ మాటకూ పొత్తు కుదరకపోవడంగానో, ఎడిటర్ ఎంచుకోని టేక్ ప్రత్యక్షం కావడంగానో తప్పక బయటపడుతుంది.

ఈ చిక్కు అర్థం కావాలంటే ముందుగా ఒక సంగతి గ్రహించాలి: ఎడిటింగ్ ప్రోగ్రామ్ దాచుకునే ప్రాజెక్ట్ ఫైల్‌లో సాధారణంగా చిత్రమూ ఉండదు, ధ్వనీ ఉండదు. పొలం దస్తావేజులో మట్టి ఉండక, సర్వే నంబరూ హద్దులూ మాత్రమే రాసి ఉన్నట్టు, ప్రాజెక్ట్ ఫైల్‌లో ఫలానా ఫుటేజ్‌లో ఫలానా ఫ్రేమ్ నుంచి ఫలానా ఫ్రేమ్ వరకు అన్న నిర్దేశాలే ఉంటాయి. కనుక టైమ్‌లైన్‌ను తరలించడమంటే ఆ నిర్దేశాలను ఒక ప్రోగ్రామ్ రాసే పద్ధతి నుంచి మరో ప్రోగ్రామ్ చదవగలిగే పద్ధతిలోకి మార్చి, అవి సూచించే అసలు ఫుటేజ్‌తో వాటిని మళ్లీ ముడివేయడమే. ఈ రెండో పనినే పరిశ్రమలో కన్ఫార్మ్ చేయడం అంటారు.

ఫిల్మ్ కాలంలో కూడా ఈ అవసరం మరో రూపంలో ఉండేది; ఎడిటర్ కత్తిరించి అతికించేది పాజిటివ్ ప్రింటును కాగా, ఆ తరువాత ఫిల్మ్ అంచున ముద్రించి ఉండే నంబర్లను ఆధారం చేసుకుని నెగెటివ్‌ను అదే కొలతలకు కోసేవారు. వీడియో టేపు వచ్చాక ఆ అంచు నంబరు చోటును టైమ్‌కోడ్ తీసుకుంది, అంటే ప్రతి ఫ్రేముకూ గంట, నిమిషం, సెకను, ఫ్రేము అనే నాలుగు అంకెల జతలతో ఇచ్చే విలాసం. అమెరికాలో సీబీఎస్, మెమొరెక్స్ సంస్థలు కలిసి నెలకొల్పిన సీఎంఎక్స్ 1971లో విడుదల చేసిన సీఎంఎక్స్ 600 అనే యంత్రం, కంప్యూటర్ సాయంతో ముందువెనుకల పట్టింపు లేకుండా ఎక్కడి దృశ్యాన్నైనా వెంటనే చూసి కూర్చుకునే వీలు కల్పించిన తొలి యంత్రంగా పేరుపొందింది. అయితే దానిలో కనిపించేది నాసిరకం నలుపు తెలుపు బొమ్మ మాత్రమే. అందుకని అక్కడ జరిగిన కూర్పును ఒక జాబితాగా బయటికి తీసి, ఆ జాబితా ప్రకారం నాణ్యమైన టేపులను మరో వ్యవస్థలో కలిపేవారు. చౌక నకలు మీద నింపాదిగా నిర్ణయాలు తీసుకోవడం, ఖరీదైన అసలు మీద వాటిని త్వరగా అమలు చేయడం అన్న విభజన అప్పుడే స్థిరపడి, నేటికీ మారలేదు.

ఆ జాబితాకే ఎడిట్ డెసిషన్ లిస్ట్ అని పేరు, వాడుకలో ఈడీఎల్. సీఎంఎక్స్ 3600 అనే తరువాతి యంత్రం రాసిన ఈడీఎల్ పద్ధతి, ఆ యంత్రం ఎప్పుడో మూలపడినా, దాదాపు ప్రతి ఎడిటింగ్ ప్రోగ్రామ్‌కూ ఇప్పటికీ అర్థమయ్యే ఉమ్మడి భాషగా నిలిచింది. దాని నిర్మాణం ఎంత సులువంటే ఎవరైనా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదవవచ్చు. ఒక్కో కట్టుకు, అంటే ఒక ముక్క నుంచి మరో ముక్కకు మారే ఒక్కో కట్‌కు, ఒక్కో వరుస ఉంటుంది. వరుసలో మొదట క్రమసంఖ్య, తరువాత టేపు లేదా రీలు పేరు, అది చిత్రమా ధ్వనా అన్న గుర్తు, నేరుగా కట్టా లేక ఒక దృశ్యం మరొకదానిలో కరిగిపోయే డిజాల్వా అన్న గుర్తు, చివరగా నాలుగు టైమ్‌కోడ్‌లు వస్తాయి. మొదటి రెండూ అసలు టేపులో ఆ ముక్క మొదలు, ముగింపు కాగా, తక్కిన రెండూ పూర్తయిన చిత్రంలో దాని చోటును చెబుతాయి. ఉదాహరణకు 14:22:10:05 నుంచి 14:22:13:05 వరకు ఉన్న ముక్క 01:00:20:00 దగ్గర పడితే, అది 01:00:23:00 దగ్గర ముగిసి తీరాలి, ఎందుకంటే రెండు జతల మధ్యా ఉన్నది మూడేసి సెకన్లే. ముగింపుగా రాసే ఫ్రేము ఆ ముక్కలో చేరదని, తరువాతి ముక్క అక్కడినుంచే మొదలవుతుందని కొత్తగా ప్రోగ్రామ్ రాసేవారు మరిస్తే, ప్రతి కట్టు దగ్గరా ఒక ఫ్రేము ఎక్కువో తక్కువో అవుతుంది.

ఆ సులువుతనమే దాని పరిమితి కూడా. ఈడీఎల్ ఒక్క చిత్రపు వరుసనే మోయగలదు. ధ్వనికి నాలుగు వరుసలు దాటవు. క్రమసంఖ్యకు మూడంకెల చోటే ఉండడం వల్ల 999 కట్లకు మించి ఒక జాబితాలో పట్టవు కాబట్టి, వేగంగా కట్లు పడే నేటి సినిమాను రీళ్లుగా విడగొట్టి పంపవలసి వస్తుంది. రీలు పేరుకు ఇచ్చిన చోటు ఎనిమిది అక్షరాలే. టేపుల మీద నంబర్లు వేసుకున్న రోజుల్లో అది చాలినా, మెమరీ కార్డుల కాలంలో అది ఇబ్బంది పెడుతుంది: చిన్న కెమెరాలు అనేకం ప్రతి కొత్త కార్డు మీదా క్లిప్పుల పేర్లను మళ్లీ ఒకటో నంబరు నుంచి మొదలుపెడతాయి, కొన్నైతే ప్రతి క్లిప్పు టైమ్‌కోడ్‌నూ సున్నా నుంచే లెక్కిస్తాయి. అప్పుడు రెండు వేర్వేరు రోజుల షాట్లకు పేరూ ఒకటే, టైమ్‌కోడూ ఒకటే అవుతుంది గనుక, కన్ఫార్మ్ చేసే ప్రోగ్రామ్ తనకు ముందు కనబడినదాన్ని అతికించి ఊరుకుంటుంది. పెళ్లి వీడియోలు మొదలుకొని డాక్యుమెంటరీల దాకా ఎదురయ్యే ఈ గందరగోళానికి మందు ఎడిటింగ్ గదిలో లేదు; చిత్రీకరణ రోజునే ఫైళ్లను కాపీ చేసేవారు ప్రతి కార్డుకూ వేరు పేరు పెట్టడంలో ఉంది.

టైమ్‌కోడ్ సైతం పైకి కనిపించినంత నమ్మకమైనది కాదు. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంది. భారతదేశపు టీవీ ప్రమాణం 25. అమెరికా టీవీ ప్రమాణం 30కి కొంచెం తక్కువగా, సుమారు 29.97. ఈ చివరి సంఖ్య పూర్ణసంఖ్య కాకపోవడంతో, ఫ్రేములను ముప్పైల చొప్పున లెక్కపెట్టుకుంటూ పోతే గంట గడిచేసరికి లెక్కకూ గడియారానికీ 108 ఫ్రేముల తేడా వస్తుంది. దాన్ని సర్దడానికి ప్రతి నిమిషం మొదట్లో రెండేసి నంబర్లను వదిలేసి, ప్రతి పదో నిమిషానికి మాత్రం వదలకుండా లెక్కించే పద్ధతిని అమెరికన్లు ఏర్పరచుకున్నారు. దాన్ని డ్రాప్ ఫ్రేమ్ అంటారు గానీ, వదిలేది నంబర్లనే తప్ప ఫ్రేములను కాదు. గంటకు 54 సార్లు రెండేసి వదిలితే సరిగ్గా 108 అవుతాయి. అమెరికా తెలుగువారి కార్యక్రమాల ఫుటేజ్‌ను హైదరాబాద్‌లో కూర్చేవారికి ఈ తేడా తరచుగా తగులుతుంది. 24 ఫ్రేముల టైమ్‌లైన్‌ను 25 ఫ్రేములదిగా చదివితే పరిస్థితి మరీ విషమిస్తుంది: గంట సినిమా 57 నిమిషాల 36 సెకన్లకు కుదించుకుపోతుంది, ధ్వనిని దాని మానాన వదిలేస్తే మొదటి నిమిషంలోనే పెదవులకు దూరమవుతుంది.

ధ్వని విభాగానికి ఈడీఎల్ ఎలాగూ చాలదు. డైలాగు, నేపథ్య శబ్దాలు, తాత్కాలిక సంగీతం ఎడిటర్ టైమ్‌లైన్‌లోనే పదుల వరుసల్లో పేరుకుని ఉంటాయి. ఒక్కో క్లిప్పు హెచ్చుతగ్గులూ, మెల్లగా ఎత్తుకుని మెల్లగా తగ్గే చోట్లూ కూడా వెళ్లాలి. ఇందుకోసం ఎవిడ్ సంస్థ 1990ల మొదట్లో ఓఎంఎఫ్ అనే పద్ధతిని తెచ్చింది. నిర్దేశాలతోపాటు అసలు ధ్వనిని కూడా అదే ఫైల్‌లో కలిపి పంపే వీలు దానిలో ఉన్నా, ఫైలు రెండు గిగాబైట్లు దాటకూడదన్న హద్దు ఉండేది. దాని వారసురాలు ఏఏఎఫ్ ఆ హద్దును తొలగించి, నేడు ఎడిటింగ్ గదికీ ప్రో టూల్స్‌కూ మధ్య ప్రధాన వాహకంగా ఉంది. ఏఏఎఫ్‌తో చిక్కు వేరు. అది మనిషి చదవగలిగే పాఠం కాదు, కంప్యూటర్‌కు మాత్రమే అర్థమయ్యే మూట. ప్రమాణం ఒకటే అయినా ఒక్కో సంస్థ దాన్ని ఒక్కోలా అన్వయించుకోవడం వల్ల, ప్రీమియర్ రాసిన ఏఏఎఫ్‌కూ ఎవిడ్ రాసిన ఏఏఎఫ్‌కూ పోలికలు ఎన్ని ఉన్నాయో తేడాలూ అన్ని ఉంటాయి. ఏదైనా తప్పు జరిగితే లోపలికి తొంగిచూసి సరిదిద్దుకునే దారి సామాన్య ఎడిటర్‌కు ఉండదు.

ఆ దారిని తెరిచింది ఎక్స్‌ఎంఎల్. అది ఎడిటింగ్ కోసం పుట్టినది కాదు. సమాచారాన్ని పేర్లున్న గుర్తుల మధ్య ఉంచి, మనిషీ కంప్యూటరూ ఇద్దరూ చదవగలిగేలా రాసే సాధారణ పద్ధతి. 1999లో ఫైనల్ కట్ ప్రో అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్‌ను విడుదల చేసిన యాపిల్, కొన్నేళ్ల తరువాత దాని టైమ్‌లైన్‌ను ఎక్స్‌ఎంఎల్‌గా బయటికి రాసే సౌకర్యం కల్పించి, ఆ పద్ధతి వివరాలను బహిరంగంగా ప్రచురించింది. ఎన్ని చిత్రపు వరుసలైనా, ఎన్ని ధ్వని వరుసలైనా, క్లిప్పు పరిమాణం, స్థానం, పారదర్శకత, గుర్తుగా పెట్టుకున్న మార్కర్లు అన్నీ అందులో రాయవచ్చు. చిన్న చిన్న సంస్థలు ఆ వివరాలను ఆధారం చేసుకుని ఎన్నో సహాయక ప్రోగ్రాములు రాశాయి; పోటీదారు అయిన అడోబీ కూడా ప్రీమియర్‌లో ఆ పద్ధతిని చదివే, రాసే వీలు పెట్టింది. ఒక సంస్థ సొంత ప్రోగ్రామ్ కోసం రాసుకున్న పద్ధతి ఈ విధంగా అందరికీ ఉమ్మడి ఆస్తిగా మారింది.

2011 జూన్ 21న యాపిల్ ఫైనల్ కట్ ప్రో ఎక్స్‌ను 299.99 డాలర్లకు విడుదల చేసినప్పుడు ఈ వ్యవస్థ అంతా ఒక్క రోజులో ఊగిపోయింది. కొత్త ప్రోగ్రామ్ పాత ప్రాజెక్టులను తెరవదు. ఎక్స్‌ఎంఎల్ రాయదు, చదవదు. ఈడీఎల్ లేదు, ఓఎంఎఫ్ లేదు. పాత ఫైనల్ కట్ ప్రో 7 అమ్మకాన్ని కూడా యాపిల్ అదే సమయంలో నిలిపివేసింది. అప్పటికి ఏళ్ల తరబడి ఫైనల్ కట్‌లో పనిచేస్తూ, ధ్వనినీ రంగులనూ బయటి స్టూడియోలకు పంపుతూ వచ్చిన ఎడిటర్లకు, తమ గదికి తలుపులన్నీ ఒక్కసారిగా మూసినట్టయింది. ఆగ్రహం వృత్తి వర్గాలకే పరిమితం కాలేదు. అమెరికాలో కోనన్ ఓబ్రయన్ టీవీ కార్యక్రమ ఎడిటర్లు ఆ కొత్త ప్రోగ్రామ్ మీద వ్యంగ్య వీడియో చేసి ప్రసారంలోనే చూపించారు.

యాపిల్ చేసినది నిర్లక్ష్యమన్న విమర్శలో నిజం ఉన్నప్పటికీ, దాని వెనుక ఒక వాస్తవమైన సాంకేతిక కారణం కూడా ఉంది. పాత ప్రోగ్రామ్‌లో టైమ్‌లైన్ అంటే ఒకదానిపై ఒకటి పేర్చిన ట్రాకులు, అంటే వరుసలు. ప్రతి క్లిప్పూ ఒక వరుసలో, ఒక టైమ్‌కోడ్ దగ్గర ఉంటుంది. కొత్త ప్రోగ్రామ్‌లో ట్రాకులే లేవు. ప్రధాన కథనం ఒక్కటే వెన్నెముకగా సాగుతుంది, తక్కిన క్లిప్పులు గడియారపు సమయానికి కాక వెన్నెముకలోని ఫలానా క్లిప్పుకు తగిలించి ఉంటాయి. ఆ క్లిప్పు జరిగితే తగిలించినవీ జరుగుతాయి. ధ్వని ఏ జాతిదో చెప్పడానికి వరుస నంబరుకు బదులు డైలాగు, సంగీతం, ఎఫెక్ట్స్ అన్న రోల్స్ పెట్టుకోవాలి. ఒక నేపథ్య శబ్దం మూడో వరుసలో ఉన్నదన్న పాత సమాచారం నుంచి అది ఏ షాటుకు చెందినదో కొత్త ప్రోగ్రామ్ ఊహించుకోవలసిందే. తిరుగు ప్రయాణంలో రోల్స్ నుంచి వరుసలను తయారుచేయవలసిందే. రెండు చోట్లా నమూనాలే వేరైనప్పుడు, ఎంత చక్కని ఫైల్ పద్ధతి ఉన్నా అనువాదం అసంపూర్ణంగానే ఉంటుంది. విచిత్రమేమంటే, ప్రీమియర్ తొలి రూపాలను రాసినవారూ, ఫైనల్ కట్‌కు మూలపురుషుడూ, ఈ ట్రాకులు లేని టైమ్‌లైన్‌ను రూపొందించినవారూ ఒకే వ్యక్తి, రాండీ ఉబిలోస్. అగాధానికి రెండు ఒడ్డులూ ఆయనవే.

2011 సెప్టెంబరులో వచ్చిన సవరణతో యాపిల్ కొత్త ఎక్స్‌ఎంఎల్‌ను ఇచ్చింది. పాత ఎక్స్‌ఎంఎల్‌కూ దీనికీ పేరులోనే బంధుత్వం. దీన్ని ఎఫ్‌సీపీఎక్స్‌ఎంఎల్ అని వేరుగా పిలుస్తారు. సమయాన్ని ఫ్రేముల లెక్కలో కాక భిన్నాలుగా, సెకనులో 1001/30000 వంటి రూపంలో, రాయడం దానిలోని మేలైన ఆలోచన, 29.97 వంటి దశాంశాలను గుండ్రం చేసేటప్పుడు పుట్టే తప్పులకు అక్కడ తావులేదు. 2012 ఆరంభంలో పాత ఎక్స్‌ఎంఎల్‌ను కొత్తదానిలోకి మార్చే సెవెన్ టు ఎక్స్ అనే సహాయక ప్రోగ్రామ్‌ను ఒక చిన్న సంస్థ తీసుకురాగా, ధ్వనిని ఏఏఎఫ్‌గా మార్చి పంపే ఎక్స్ టు ప్రో వంటివీ అమ్మకానికి వచ్చాయి. పెద్ద సంస్థ తెంచిన వంతెనలను చిన్న సంస్థలు కట్టి రుసుము వసూలు చేసుకున్నాయని చెప్పినా తప్పు కాదు.

ఏ పద్ధతిని ఎంచుకున్నా, హద్దు దాటేవీ దాటనివీ ఏవో అనుభవంలో దాదాపు స్థిరపడ్డాయి. కట్లు, సాధారణ డిజాల్వులు, ధ్వని హెచ్చుతగ్గులు దాటుతాయి. ఒకే స్థాయిలో పెంచిన లేదా తగ్గించిన వేగం తరచుగా దాటుతుంది, పోరాట దృశ్యాల్లో మాదిరి క్షణక్షణం మారే వేగం తరచుగా దాటదు. పెద్దగా చేసి చూపిన షాట్లు దాటినట్టే కనిపించి మోసం చేస్తాయి, ఎందుకంటే నాలుగు వేల పిక్సెళ్ల ఫుటేజ్‌ను చిన్న చట్రంలో ఇమిడ్చేటప్పుడు ఒక ప్రోగ్రామ్ దాన్ని నూరు శాతమనీ, మరొకటి యాభై శాతమనీ లెక్కిస్తుంది. ఎఫెక్టులు, విడిగా కొన్న ప్లగిన్లు, ప్రోగ్రామ్‌లోనే చేసిన రంగుల సవరణలు దాటవు. రంగుల విషయంలో అమెరికన్ సొసైటీ ఆఫ్ సినిమాటోగ్రాఫర్స్ రూపొందించిన సీడీఎల్ ఒక్కటి మినహాయింపు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి మూడేసి అంకెలు, మొత్తం రంగు గాఢతకు ఒకటి, కలిపి పది అంకెల్లో ప్రాథమిక సవరణను అది చెప్పగలదు. అవి ఈడీఎల్‌లో వ్యాఖ్యల రూపంలో కూడా ఇముడుతాయి.

టైటిళ్ల విషయంలో తెలుగువారికి అదనపు కష్టం ఉంది. ఏ భాష టైటిళ్లైనా ఒక ప్రోగ్రామ్‌లో చేసినవి మరో ప్రోగ్రామ్‌కు సరిగా వెళ్లవు. తెలుగైతే అక్షరాలే చెదిరిపోతాయి. యూనికోడ్ కాని అను ఫాంట్లలో రాసిన పేర్లు, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అర్థంలేని రోమన్ అక్షరాలూ గుర్తులుగా బయటపడతాయి, ఎందుకంటే ఆ పద్ధతిలో కంప్యూటర్ దాచుకున్నవి నిజానికి అవే. యూనికోడ్‌లో రాసినా, వత్తులూ గుణింతాలూ సరిగా కలవాలంటే ప్రోగ్రామ్‌కు భారతీయ లిపుల పొందిక తెలిసి ఉండాలి. ప్రీమియర్‌లో దానికోసం దక్షిణాసియా లిపుల ఎంపికను ప్రత్యేకంగా పెట్టుకోవాలి. అందుచేత అనుభవజ్ఞులు తెలుగు టైటిళ్లను వెనుక పారదర్శకత ఉన్న చిత్రాలుగా మార్చి పంపుతారు. ఫుటేజ్ ఫైళ్లకూ ఫోల్డర్లకూ తెలుగులో పేర్లు పెట్టడం మనసుకు హాయిగా ఉన్నా, ఈడీఎల్ వంటి పాత పద్ధతులు ఆ అక్షరాలను మోయలేవు కాబట్టి రోమన్ అక్షరాలూ అంకెలే క్షేమం.

అప్పగింతకు ముందు మంచి సహాయ ఎడిటర్ చేసే పని, నిజానికి, ప్రోగ్రాముల తెలివి మీద ఆధారపడకుండా చూసుకోవడమే. అసలు టైమ్‌లైన్‌ను ముట్టుకోకుండా దాని నకలు తీసుకుని, పై వరుసల్లో చెల్లాచెదురుగా ఉన్న షాట్లను వీలైనంత కింది వరుసకు దించి, ఆపివేసి ఉంచిన క్లిప్పులను తొలగించి, ఒక టైమ్‌లైన్‌లో మరొకటి ఇమిడ్చిన చోట్లను విప్పి, ధ్వని వరుసలను డైలాగు ఒకవైపు సంగీతం ఒకవైపుగా వేరుచేస్తారు. ప్రతి క్లిప్పుకూ అటూ ఇటూ కొన్ని ఫ్రేములు అదనంగా వెళ్లేలా చూస్తారు. వీటిని హ్యాండిల్స్ అంటారు, కట్టును కాస్త జరపవలసి వస్తే అవే ఆదుకుంటాయి. చిత్రం మొదలయ్యే రెండు సెకన్ల ముందు ఒక్క ఫ్రేము సేపు వినిపించే బీప్‌ను పెడితే, ధ్వని తిరిగి వచ్చినప్పుడు అది బొమ్మతో కలిసిందో లేదో ఒక్క చూపులో తేలుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, ఎడిటర్ టైమ్‌లైన్ మొత్తాన్ని టైమ్‌కోడ్ కనిపించేలా తీసిన రిఫరెన్స్ వీడియో. అవతలి ప్రోగ్రామ్‌లో కన్ఫార్మ్ అయిన టైమ్‌లైన్‌ను దీనితో పక్కపక్కన పెట్టి, కట్టు కట్టుకూ ఆగి పోల్చుకుంటారు. ఆ పోలికను తప్పించుకునే ఉపాయం ఏ ఫైల్ పద్ధతీ ఇంతవరకు ఇవ్వలేదు.

ఇటీవలి ప్రయత్నాల్లో చెప్పుకోదగినది పిక్సార్ సంస్థ మొదలుపెట్టి, అందరికీ ఉచితంగా తెరిచి ఇచ్చిన ఓపెన్ టైమ్‌లైన్ ఐఓ. ఆస్కార్ అకాడమీ, లినక్స్ ఫౌండేషన్ కలిసి 2018లో ఏర్పరచిన అకాడమీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ నీడలో అది పెరుగుతోంది. డావించి రిజాల్వ్ దాన్ని ఇప్పటికే చదువుతుంది, రాస్తుంది. తనకు అర్థంకాని వివరం ఎదురైతే పారేయకుండా ఒక పక్కన యథాతథంగా భద్రపరచి, తిరుగు ప్రయాణంలో అప్పగించడం దీని ప్రధాన గుణం. పాత పద్ధతులు తమకు తెలియనిదాన్ని నిశ్శబ్దంగా జారవిడిచేవి, ఎడిటర్‌కు ఆ సంగతి థియేటర్‌లో తెలిసేది. అయితే ఎఫెక్టులను సమానంగా పలికించే బాధ్యత ఇది నెత్తికెత్తుకోలేదు, ఎత్తుకోవడం సాధ్యమూ కాదు. రెండు సంస్థల బ్లర్ ఎఫెక్టులు పేరుకు ఒకటే అయినా వాటి వెనుక గణితం ఒకటి కాదు.

టైమ్‌లైన్‌ను పంపడం ఒక ఎత్తు అయితే, దాన్ని భద్రపరచడం మరో ఎత్తు. ఫైనల్ కట్ ప్రో 7 ప్రాజెక్టును ఆ ప్రోగ్రామ్ తప్ప మరేదీ నేరుగా తెరవలేదు. యాపిల్ 2019లో విడుదల చేసిన మాక్ ఓఎస్ క్యాటలీనా 32 బిట్ ప్రోగ్రాములను నడపడం మానేసింది గనుక, ఆ తరువాతి మాక్‌లలో ఆ ప్రోగ్రామే నడవదు. ప్రీమియర్ ప్రాజెక్టుల సంగతి కొంత మెరుగు, అవి లోలోపల కుదించిన ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లే; అయినా కొత్త వెర్షన్‌లో దాచినదాన్ని పాత వెర్షన్ తెరవనంటుంది. ఫైనల్ కట్ 7 కాలంలో చేసిన డాక్యుమెంటరీలు, ఇంటర్వ్యూలు, షార్ట్ ఫిల్ములు, కుటుంబ వేడుకల ప్రాజెక్టులు ఎవరి దగ్గరైనా మిగిలి ఉంటే, పాత మాక్ ఇంకా వెలుగుతుండగానే ఒక్కొక్కదాన్నీ తెరిచి, ఎక్స్‌ఎంఎల్‌గానూ ఈడీఎల్‌గానూ రాసి, పూర్తి వీడియోతోపాటు అసలు ఫుటేజ్ పక్కనే దాచుకోవాలి. ఆ యంత్రం ఆగిపోయిన తరువాత ఎక్స్‌ఎంఎల్ రాయించుకునే వీలు చాలామందికి ఉండదు.